నగలు పెట్టుకోరట, వాటి విలువ మాత్రం డబ్బుగా ఇవ్వాలట: ఈ సంబంధం గురించి మీరేమంటారు?

చెల్లెలి_అన్న
అందరికీ వందనాలు. మాది గుంటూరు వైపు, తాతల కాలం నుంచి లూథరన్ సంఘం. మా చెల్లెలు ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఈ మధ్య తెలిసినవాళ్ళ ద్వారా ఒక సంబంధం వచ్చింది. అబ్బాయికి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాళ్ళది నగలు పెట్టుకోని సంఘం. ఇంట్లో ఆడవాళ్ళంతా తెల్లచీరలే కడతారు, మెడలో చెవుల్లో ఏమీ ఉండవు. మా ఇంటికి వచ్చిన రోజు అందరూ మోకాళ్ళ మీద ప్రార్థన చేశాకే కాఫీ ముట్టారు. మా అమ్మ అక్కడే సగం ఒప్పేసుకుంది.

మాటలు మొదలయ్యాక అబ్బాయి మేనమామ జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశారు. ఆయన పక్కనే కూర్చున్నాను కాబట్టి పేజీ నాకు బాగా కనిపించింది. మొదటి లైను: 'బంగారం: విశ్వాసం ప్రకారం లేదు.' రెండో లైను: 'బంగారానికి బదులు: 25 సవర్ల రేటు.' ఆ కింద స్థలం, దాని కింద ఆడపడుచు లాంఛనాలు. "మేం లోకస్థుల్లా కట్నం అడగం బ్రదర్. అమ్మాయికి ఎలాగూ మీరు పెట్టేవాళ్ళే కదా. మా ఇంట్లో నగలు వాడరు కాబట్టి ఆ విలువ అబ్బాయి పేరున వేస్తే సరిపోతుంది" అన్నారు.

ఇంత భక్తిగల కుటుంబం మళ్ళీ దొరకదని మా నాన్న అంటున్నారు. నాకు మాత్రం మనసొప్పడం లేదు. పైకి కనిపించే భక్తిని బట్టి ఒక ఇంటిని అంచనా వేయొచ్చా? వేయకూడదంటే మరి దేన్ని చూసి పిల్లనివ్వాలి? ప్రధానానికి (నిశ్చితార్థానికి) తేదీ అడుగుతున్నారు. తొందరగా చెప్పండి.

డెల్టా_కుర్రోడు
అన్నా, అసలు నగలు పెట్టుకోకూడదన్న ఈ కట్టడకే (నియమానికే) వాక్యంలో ఆధారం లేదు. అబ్రాహాము దాసుడు రిబ్కాకు ముక్కుకమ్మి, కడియాలు పెట్టాడు (ఆదికాండం 24). తప్పిపోయిన కొడుకు తిరిగొస్తే తండ్రి వేలికి ఉంగరం పెట్టించాడు (లూకా 15). యెషయా 61లో నగలతో అలంకరించుకున్న పెళ్ళికూతురి మాట ఉంది. అందరూ ఎత్తిచూపే 1 పేతురు 3:3 తీసుకున్నా, బంగారు నగలతో పాటు 'వస్త్రములు ధరించుకొనుట' కూడా అదే వరసలో ఉంది. నగలు నిషేధం అని చదివితే బట్టలు కూడా నిషేధం అవ్వాలి కదా. దేవుడు హృదయాన్నే చూస్తాడని 1 సమూయేలు 16:7 తేల్చేసింది. పైరూపానికి అసలు విలువే లేదు. సంబంధం వదిలేయండి.

మార్తమ్మ
డెల్టా బాబూ, కోపం తెచ్చుకోవద్దు గానీ ఒక మాట చెప్పాలి. నేను నగలు పెట్టుకోను. తీసేయమని నన్నెవరూ అడగలేదు.

మా ఊళ్ళో ఆరాధన తాటాకు పాకలో జరిగేది. వానొస్తే బైబిళ్ళు చీరకొంగులో చుట్టుకుని, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని ఒక మూలకి జరిగేవాళ్ళం. గోడలు లేపుదామంటే మా కూలి డబ్బులు ఏ మూలకీ చాలేవి కావు. ఒక ఆదివారం బల్ల ఆరాధన (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల) అయ్యాక ఒక ముసలామె లేచి చెవులకున్న కమ్మలు తీసి కానుకల సంచిలో వేసింది. ఆమెకి పొలం లేదు, కొడుకుల్లేరు. ఉన్న బంగారం అదొక్కటే. ఆ తర్వాత ఒక్కొక్కళ్ళం ఇచ్చాం. నావి మా అమ్మ పెట్టిన బుట్టకమ్మలు. ఇచ్చేశాక కూడా రంధ్రాలు పూడిపోకుండా అలవాటు కొద్దీ వేపపుల్లలు పెట్టుకునేవాళ్ళం. కొన్నాళ్ళకి అవీ మానేశాం, రంధ్రాలు వాటంతటవే పూడాయి. దేవుని ఆరాధనకి గుడారం కట్టేటప్పుడు ఇశ్రాయేలు ఆడవాళ్ళు, మగవాళ్ళు ముక్కుకమ్మలు, పోగులు, ఉంగరాలు తెచ్చి ఇచ్చారని నిర్గమకాండం 35లో చదివినప్పుడల్లా ఆ పాకే నాకు కళ్ళముందు మెదులుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. అంతకుముందు వడ్డీకి ఇచ్చే ఇళ్ళ ఆడవాళ్ళు మెడనిండా వేసుకుని ముందు చాప మీద కూర్చునేవాళ్ళు. నాట్లకి, కలుపులకి వెళ్ళేవాళ్ళం వెనకెక్కడో కూర్చునేవాళ్ళం. నగలు పోయాక ఎవరు ఏ ఇంటివాళ్ళో చూడగానే తెలిసేది కాదు. మా పిల్లలు సిగ్గుపడకుండా ముందుకొచ్చి పాటలు పాడారు. అందుకే పైరూపం అంతా వేషమే అనేయొద్దు బాబూ.

అలాగని ఆ మేనమామగారి లిస్టుని సమర్థిస్తున్నానని అనుకోవద్దు. మేం తీసింది దేవుని పనికి ఇచ్చాం. వీళ్ళు పరాయి పిల్ల ఒంటి మీద నుంచి తీయించి తమ కొడుకు పేరున రాయించుకుంటున్నారు. రెండూ ఒకటే భక్తి ఎలా అవుతాయి?

హెబ్రోను_తరం
మార్తమ్మగారి మాటకి ఆమెన్. నేను పెరిగింది హైదరాబాదు హెబ్రోను సహవాసంలో. దాన్ని మొదలుపెట్టిన భక్త సింగ్ గారు 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టారు. ఇంజనీరింగ్ చదవడానికి ఇంగ్లండు, కెనడా వెళ్ళి, అక్కడే ప్రభువును తెలుసుకుని 1933లో తిరిగొచ్చారు. 1950లో హెబ్రోను మొదలైంది. తెల్లబట్టలు, నేల మీద చాపలు, ఆఫీసరూ రిక్షా తొక్కేవాడూ పక్కపక్కన కూర్చుని తినే ప్రేమవిందు, ఇవన్నీ దానిలో భాగం. అప్పట్లో మిషను చర్చీల్లో దొరల పద్ధతి నడిచేది. బెంచీలో ఎవరెక్కడ కూర్చుంటారో అందరికీ తెలుసు. అలాంటి రోజుల్లో చాప మీద కూర్చోవడమే పెద్ద సాక్ష్యం.

మొదటి తరంలో మారుమనస్సు వచ్చింది, దాని వెంట తెల్లబట్టలు వచ్చాయి. నాలాంటివాళ్ళకి మారుమనస్సు సంగతి తేలకముందే తెల్లబట్టలు కుట్టించేశారు. చిన్నప్పుడు నన్ను చూసి 'ఎంత పరిశుద్ధమైన పిల్లాడో' అనేవాళ్ళు. నా లోపల ఏముందో వాళ్ళకెలా తెలుస్తుంది?

తెల్లచీరల్లో కూడా ఈమధ్య ఖరీదులు చూస్తున్నాను. పట్టులో తెలుపు, దాని మీద పని. 1 తిమోతి 2:9లో పౌలు బంగారంతో పాటు మిగుల వెలగల వస్త్రాల మాట కూడా ఎత్తాడు. ఆ సగం మాత్రం ఎవరికీ గుర్తుండదు.

డెల్టా_కుర్రోడు
మార్తమ్మగారూ, మీరు చెప్పినట్టు ఇష్టపూర్తిగా ఇచ్చినదాని మీద నాకు ఏ అభ్యంతరమూ లేదండి. పైరూపానికి అసలు విలువే లేదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా బాధల్లా మిగతావాళ్ళ చెవులూ మెడలూ తనిఖీ చేసేవాళ్ళతోనే.

కువైట్_సిస్టర్
వందనాలు. మాది కడప జిల్లా. కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తున్నాను. మా ఆరాధన శుక్రవారం జరుగుతుంది, వీలు దొరికినప్పుడే ఇవి చదువుతాను.

బంగారం అనగానే అది ఆడవాళ్ళ సోకు అన్నట్టు మాట్లాడుతారు. మాలాంటివాళ్ళకి ఇల్లు మామగారి పేరున ఉంటుంది, పొలం మరుదుల పేరున ఉంటుంది, బ్యాంకు పుస్తకం ఆయన పేరున ఉంటుంది. నాకంటూ ఉన్నది మా అమ్మ పెట్టిన గొలుసు ఒక్కటే. పిల్లాడికి ఆపరేషన్ అన్నప్పుడు తాకట్టు పెట్టింది దాన్నే. విడిపించాక మళ్ళీ వీసా ఖర్చుకి పెట్టింది దాన్నే. ఈ రోజు నా పిల్లలు చదువుతున్నారంటే ఆ గొలుసు పుణ్యమే. అది మెడలో ఉందా బీరువాలో ఉందా అన్నది దేవుడు చూసుకుంటాడు. కానీ అది ఎవరిదో నాకు తెలుసు, నాది.

అన్నా, ఆ లిస్టులో నాకు కనిపించింది ఇదే. నగలైతే కనీసం మీ చెల్లెలి దగ్గర ఉండేవి. 'నగలు వద్దు, డబ్బు అబ్బాయి పేరున' అంటే రేపు ఆపద వస్తే ఆ అమ్మాయి చేతిలో చిల్లిగవ్వ ఉండదు. ప్రతి రూపాయికీ ఆయన్ని అడగాలి. భక్తి పేరుతో ఆ పిల్లకున్న ఒక్క ఆధారాన్నీ లాగేసుకుంటున్నారు. ఆమెకి ఇవ్వాలనుకున్నది ఆమె పేరునే వేయండి. ఈ ఒక్క మాట దగ్గర గట్టిగా నిలబడండి.

ఇంకోటి కూడా చెప్పాలి. ఇక్కడ ఒక సహవాసంలో కొత్తగా వచ్చిన అమ్మాయిని గోళ్ళరంగు ఉందని బల్ల దగ్గరికి రానివ్వలేదు. ఆ అమ్మాయి ఆ నెల జీతమంతా జబ్బుపడిన రూమ్మేటు విమానం టిక్కెట్టుకి ఇచ్చేసింది. మాకు తెలుసు కాబట్టి మేం చెప్పుకున్నాం. గోళ్ళు చూసినవాళ్ళకి ఆ సంగతి తెలియదు, తెలుసుకోవాలన్న ఆలోచనే వాళ్ళకి రాలేదు. మళ్ళీ ఆ అమ్మాయి ఆరాధనకి రాలేదు.

చెల్లెలి_అన్న
కువైట్ అక్కా, అబ్బాయి పేరున అన్న మాటని ఈ కోణంలో మేమెవ్వరం ఆలోచించలేదు. మా నాన్నకి మీ పోస్టు చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు, మళ్ళీ ఒకసారి చదవమన్నారు.

గుండ్లకమ్మ_మాస్టారు
నేను రిటైరైన టీచర్ని, ప్రకాశం జిల్లా. మన తెలుగు సంఘాల్లో ఈ ప్రశ్న మొదటినుంచీ ఉంది. మా వైపు జరిగింది చెబుతాను, మీ సమస్యకి పనికొస్తుంది.

1876 నుంచి 1878 దాకా ఘోరమైన కరువు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఒంగోలులో ఉండి బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని కల్పించారు. ఆ పనిచేసేచోట సువార్త విన్నవాళ్ళు బాప్తిస్మం ఇమ్మని గుంపులుగా వచ్చారు. ఆయన ఇవ్వలేదు. కరువు సాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. కడుపు కోసం వస్తున్నారో క్రీస్తు కోసం వస్తున్నారో తేలాలంటే ముందు సాయం ఆగిపోవాలని ఆయన ఉద్దేశం. సాయం ఆగింది, జనం మాత్రం ఆగలేదు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నా పేరులోని గుండ్లకమ్మ అదే.

డెల్టా తమ్ముడు తనిఖీల మాట ఎత్తాడు కాబట్టి రెండోవైపు కూడా చెప్పాలి. ఆ రోజుల్లో కూడా పైకి కనిపించే గుర్తులు చూసేవాళ్ళు. విగ్రహాలకి మొక్కకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు. ఇవి చిన్న విషయాలు కావు. చేరినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. జాతరలో డప్పు కొట్టనంటే, ఆదివారం చేలోకి రానంటే ఊరి పెద్దల కోపం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. పని పోయేది, దెబ్బలు పడేవి. ఆ గుర్తుకి అయ్యే ఖర్చంతా దాన్ని పెట్టుకున్నవాడే భరించాడు.

ఏ పైగుర్తు గురించైనా నేను అడిగే ప్రశ్న ఇదొక్కటే: దీని ఖర్చు ఎవరిమీద పడుతోంది, లాభం ఎవరికి వెళ్తోంది? ఆ పాకలో ముసలామె కమ్మలు తీస్తే ఖర్చు ఆమెది. ఈ నోటుబుక్కులో నగలు మానింది వాళ్ళు, ఖర్చు మీ నాన్నగారిది, లాభం వాళ్ళ అబ్బాయిది.

ఒంగోలులో జరిగిన ఇంకో సంగతి. బడికి మాదిగ పిల్లలొస్తే మా పిల్లల్ని పంపం అని పెద్దకులాలవాళ్ళు తేల్చి చెప్పారు. ఊళ్ళో పలుకుబడి ఉన్నవాళ్ళని వదులుకోవాలా అని క్లౌ దొర తల్లడిల్లారు. ఆ రోజు ఆయనా, ఆయన భార్యా వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ 1 కొరింథీయులకు 1:26 వచ్చిందట. లోకరీతిగా జ్ఞానులు, ఘనులు, గొప్ప వంశంవారు అనేకులు పిలవబడలేదన్న వచనం. ఇద్దరూ పేదవాళ్ళ వైపే నిలబడ్డారు. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మురికిబట్టలవాడికి పాదపీఠం దగ్గర చోటు అని యాకోబు రెండో అధ్యాయంలో కోప్పడింది సరిగ్గా దీన్నే.

డెల్టా_కుర్రోడు
మాస్టారూ, ఆ యాకోబు పత్రికని ఇప్పుడు పెళ్ళి ప్రకటనల ముందు పెట్టి చదవాలి. 'తిరిగి జన్మించిన, ప్రార్థనాపరురాలైన వధువు కావలెను' అని రాసి పక్కనే కులం వేస్తారు. నగలు తీసినంత తేలిగ్గా కులం తీయలేకపోతున్నాం. చెల్లెలి అన్నా, ఆ లిస్టులో కులం లేదా?

చెల్లెలి_అన్న
లిస్టు దాకా రాలేదు తమ్ముడూ. మొదటి ఫోన్‌లోనే అడిగారు.

కొత్త_కాపరి
వందనాలు. నేను చిన్న సంఘానికి కాపరిని. పిల్లనిచ్చేముందు దేన్ని చూడాలి అన్న మీ అసలు ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

చెవులు చూడటం మాలాంటి కాపరులకి తేలిక. వేదిక మీద నిలబడితే అందరి చెవులూ కనబడతాయి. వడ్డీ మీద వడ్డీ లాగే సంఘపెద్దని అడగడం కష్టం, మందిరం స్లాబు వేయించింది ఆయనే అయినప్పుడు మరీ కష్టం. కట్టడలు ఆడవాళ్ళ మీదా, బీదవాళ్ళ మీదా, యవ్వనస్థుల మీదా ఎక్కువ పడటానికి కారణం ఇదే. వాళ్ళు ఎదురు చెప్పరు.

పౌలు 1 తిమోతి 3లో సంఘ అధ్యక్షుడికి పెట్టిన షరతుల్లో ఒకటి, సంఘానికి వెలుపటివారి చేత మంచి సాక్ష్యం పొందాలని. నేను పెళ్ళికి సంబంధాలు చూసేవాళ్ళకి ఇదే చెబుతాను. సంఘంలో వాకబు చేయొద్దు, అక్కడ అందరూ మంచే చెబుతారు. అబ్బాయి అద్దెకుండే ఇంటి ఓనరుని అడగండి. వాళ్ళింట్లో అంట్లు తోమే ఆమెని అడగండి, నెల జీతం చెప్పిన రోజుకి ఇస్తారా, జ్వరమొచ్చి రాకపోతే కోస్తారా అని. ఆఫీసులో అతని కింద పనిచేసేవాళ్ళని అడగండి. పాత రూమ్మేట్లని అడగండి, అందరూ కలిసి డబ్బులు వేసుకున్నప్పుడు ఎలా ఉండేవాడో చెబుతారు. ఇంట్లో కోపమొస్తే తండ్రి తల్లితో ఎలా మాట్లాడతాడో ఒక పూట అక్కడ కూర్చుంటే తెలుస్తుంది. గలతీయులకు 5:22లో ప్రేమ, సమాధానం, దీర్ఘశాంతం, దయాళుత్వం, ఆశానిగ్రహం అని రాసినవన్నీ ఇలాంటిచోట్లే బయటపడతాయి. మోకాళ్ళ మీద ఉన్న పది నిమిషాల్లో కనబడవు.

అబ్బాయిని ఒక్క ప్రశ్న అడగండి. 'మీ పెద్దవాళ్ళు అన్యాయంగా మాట్లాడుతుంటే వాళ్ళ ఎదుట ఎప్పుడైనా ఇది తప్పు అని చెప్పావా?' రేపు మీ చెల్లెలికి ఎక్కువగా అవసరమయ్యేది ఆ జవాబే.

మార్తమ్మ
కాపరి అయ్యగారూ, ఓనర్ని, రూమ్మేట్లని, అబ్బాయిని, అందరినీ అడగమన్నారు. అమ్మాయిని ఎవరైనా అడిగారా? పైనుంచి చూసుకుంటూ వచ్చాను. అన్నయ్య మనసొప్పడం లేదు, నాన్న వదులుకోలేకపోతున్నారు, అమ్మ ఒప్పుకుంది. ఆ పిల్ల మాట మాత్రం ఎక్కడా లేదు. బడిలో పిల్లలకి లెక్కలు చెప్పే అమ్మాయి అంటున్నారు కదా నాయనా.

చట్టం_చదివినవాడు
క్లుప్తంగా చెబుతాను. వరకట్న నిషేధ చట్టం, 1961. పెళ్ళి సందర్భంగా నేరుగా గానీ మరో రూపంలో గానీ ఇచ్చే, ఇస్తామని ఒప్పుకునే ఆస్తి కట్నమే. 'బంగారానికి బదులు' అని రాసినా అంతే. మతంతో సంబంధం లేదు. ఇవ్వడం, తీసుకోవడం రెండూ సెక్షన్ 3 కింద నేరాలే, కనీస శిక్ష ఐదేళ్ళు. అడగడం సెక్షన్ 4 కింద విడిగా నేరం, ఆరు నెలల నుంచి రెండేళ్ళు. ఇంకా ఒక సంగతి చాలామందికి తెలియదు. సెక్షన్ 6 ప్రకారం పెళ్ళికి ముందు కట్నం వేరేవాళ్ళ చేతికి వెళ్ళి ఉంటే పెళ్ళయిన మూడు నెలల్లోపు దాన్ని ఆ అమ్మాయికి అప్పగించాలి. కువైట్ సిస్టర్ చెప్పింది చట్టంలోనే ఉంది.

సీయోను_బాట
విశ్వాసుల మధ్య చట్టాలు, సెక్షన్లు ఏంటండీ? సహోదరుడు సహోదరుడి మీద అవిశ్వాసుల ఎదుట వ్యాజ్యమాడటాన్ని 1 కొరింథీ 6లో పౌలు తప్పుపట్టాడు. ఒక మేనమామ ఏదో రాసినంత మాత్రాన ఆ కుటుంబం మొత్తాన్ని, నగలు పెట్టుకోని సంఘాలన్నిటినీ బోనులో నిలబెడుతున్నారు. మా అమ్మ పెళ్ళప్పుడు మా తాతగారు పైసా తీసుకోలేదు. మాదీ తెల్లచీరల సంఘమే. మాలో నిజమైన భక్తులు చాలామంది ఉన్నారు. వాళ్ళ మనసు నొచ్చుకోదా?

కొత్త_కాపరి
సీయోను బ్రదర్, మీ తాతగారిలాంటివాళ్ళు ఉన్నారు కాబట్టే ఈ నోటుబుక్కు మరీ బాధగా ఉంది. వాళ్ళు సంపాదించిన మంచిపేరు మీద వీళ్ళు బేరమాడుతున్నారు. 1 కొరింథీ 6 గురించి ఒక మాట. ఇక్కడ ఎవరూ కోర్టుకి వెళ్ళమనలేదు. ఇవ్వం అని చెప్పడం వ్యాజ్యం కాదు. పౌలు ఆ అధ్యాయంలో అన్యాయం చేసే సహోదరుల్ని కూడా గట్టిగానే అడిగాడు, ఎనిమిదో వచనం చూడండి.

మీ సంఘంలో మీరు ఒక పని చేయగలరు. ఈసారి యవ్వనస్థుల కూడికలో మీ తాతగారి పెళ్ళి సంగతి చెప్పండి. నగల గురించి ఏటా వింటారు, కట్నం తీసుకోని తాతగారి గురించి విన్నవాళ్ళు తక్కువ ఉంటారు.

సీయోను_బాట
చెబుతాను అయ్యగారూ. మా అమ్మని కూడా మాట్లాడమంటాను, ఆమెకి ఇంకా బాగా గుర్తు.

హెబ్రోను_తరం
సీయోను బ్రదర్ నొచ్చుకోవడంలో అర్థం ఉంది, నాకూ అలాగే ఉంది. మత్తయి 23లో యేసు ప్రభువు సున్నం కొట్టిన సమాధులని అన్నది భక్తిలేనివాళ్ళని కాదు. పుదీనా ఆకులో కూడా పదోవంతు లెక్కపెట్టి దేవునికి ఇచ్చేవాళ్ళని. ఆ ఇవ్వడాన్ని మానమని ఆయన అనలేదు. దాన్ని మానకుండానే న్యాయం, కనికరం, విశ్వాసం చేయాల్సిందన్నాడు. తెల్లచీర కట్టుకోండి, నగలు మానండి, నాకు చాలా ఇష్టం. కానీ ఆ పిల్ల తండ్రి పొలం తాకట్టు పెట్టే పరిస్థితి తెచ్చి ఆ చీర కట్టుకుంటే ప్రభువు ఏమంటాడో 23వ వచనంలో ఉంది.

చెల్లెలి_అన్న
రెండు రోజులు రాలేకపోయాను, మన్నించండి. జరిగింది చెబుతాను.

మా నాన్నే ఆ మేనమామగారికి ఫోన్ చేశారు. 'అమ్మాయికి మేం ఇవ్వాలనుకున్నది అమ్మాయి పేరునే వేస్తాం, అదీ మా ఇష్టంతో. మీ లిస్టు ప్రకారం మాత్రం ఏమీ ఇవ్వం' అన్నారు. మా నాన్న అలా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత ఆయన 'మీకు మా విశ్వాసం అర్థం కాలేదు బ్రదర్' అని పెట్టేశారు. సాయంత్రం అబ్బాయి నాకు చేశాడు. తనకి డబ్బు అక్కర్లేదని, మామయ్య ఇలా రాసిన సంగతి తనకి ముందు తెలియదని అన్నాడు. మంచిగానే మాట్లాడాడు.

మార్తమ్మగారూ, మీ పోస్టు మా చెల్లెలికి చూపించాను. తనే రాస్తానంది.

లెక్కల_టీచర్
అందరికీ వందనాలు. ఆ చెల్లెల్ని నేనే. అన్నయ్య పంపిన దగ్గర్నుంచి మొత్తం చదివాను.

నగలు మానడం నాకు కష్టం కాదు. నా దగ్గరున్నవి రెండు జతల కమ్మలు, మా అమ్మమ్మ గొలుసు. ఆ సంఘానికి వెళ్ళాల్సి వస్తే పెట్టుకోకుండా వెళ్తాను. గొలుసు మాత్రం నా పేరు మీద లాకర్‌లో ఉంటుంది. కువైట్ అక్కా, ఈ మాట మీ పోస్టు చదివాకే అమ్మతో చెప్పగలిగాను.

అన్నయ్యని పక్కన పెట్టుకుని నేను కూడా అబ్బాయితో మాట్లాడాను. నా జీతంలో కొంత ప్రతి నెలా అమ్మానాన్నకి పంపుతాను, దానికి అభ్యంతరమా అంటే లేదన్నారు. పెళ్ళయ్యాక ఉద్యోగం మానను అంటే సంతోషం అన్నారు. ఆ తర్వాత కాపరి అన్నగారు చెప్పిన ప్రశ్న అడిగాను. ఈ లిస్టు మాకు వద్దని మీ నాన్నగారు, మామయ్యగారు ఉన్నప్పుడు వాళ్ళ ఎదుట చెబుతారా అని. అక్కడ ఆయన ఆగిపోయారు. 'ప్రార్థన చేద్దాం, దేవుడే మార్గం చూపిస్తాడు' అన్నారు. తప్పకుండా చేయండి, చేశాక వాళ్ళతో మాట్లాడి నాకు చెప్పండి అన్నాను.

ఆయన చెడ్డవాడని నాకు అనిపించలేదు. కానీ నాతో ఫోన్‌లో చెప్పిన మాట వాళ్ళ ఇంట్లో చెప్పలేకపోతే, పెళ్ళయ్యాక కూడా ఇలాగే ఉంటుంది. అందుకే అప్పటిదాకా ప్రధానం తేదీ వద్దని నాన్నకి చెప్పాను. ఈ సంబంధం చెడిపోతుందేమో, మళ్ళీ ఇలాంటి సంబంధం రాదేమోనని అమ్మకి ఇంకా టెన్షన్‌గానే ఉంది. నాన్న మాత్రం సరే అన్నారు.

కాపరి అన్నగారూ, బెంగళూరులో మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఆయన అద్దెకుండే ఏరియా, ఆఫీసు వివరాలు అన్నయ్య మీకు మెసేజ్ చేస్తాడు. మీరు చెప్పినట్టు ఓనరునీ, పాత రూమ్మేట్లనీ కనుక్కోవాలి.

కొత్త_కాపరి
పంపించమ్మా. నాతో వేదపాఠశాలలో చదివిన ఒక సహోదరుడు అక్కడ తెలుగు సంఘం చూస్తున్నాడు. నీ పేరు బయటికి రాకుండా విచారిస్తాడు. వచ్చే ఆదివారంలోపు అన్నయ్యకి ఫోన్ చేస్తాను. అబ్బాయి వాళ్ళ నాన్నగారితో మాట్లాడటానికి నేను రావాల్సి వస్తే వస్తాను, కానీ ముందు అబ్బాయినే మాట్లాడనివ్వండి.